గోడలోని శేషము

చండ్రుగొండ నుండి కనకగిరి గుట్టల వైపు పోవు బాట ప్రక్కన ఒక పాత ఇల్లు కూలిపోవుటను నేను వరుసగా మూడు వర్షకాలములు చూచితిని. వెదురు చీల్చి అల్లిన తడికలకు పేడ కలిపిన ఎఱ్ఱమన్ను మెత్తి, పైన గడ్డి కప్పిన ఇల్లు అది. యజమాని కాలము చేసిన పిమ్మట కొడుకులు వేఱొక చోట ఇండ్లు కట్టుకొనుటచేత దానిని పట్టించుకొనువారు లేకపోయిరి. మొదటి ఏటి వానలకు కప్పు జారినది. రెండవ ఏట మన్ను కరగి తడికలు బయటపడి, వానిని చెదలు పట్టినవి. మూడవ ఏట నేను పోవునప్పటికి అచ్చట మోకాలెత్తు దిబ్బయు, దానిపై ఎవరో పెట్టిన సొరపాదును మాత్రమే యుండెను. ఆ ఇంటిని ఎవ్వరును పడగొట్టలేదు, ఎవ్వరును ఎత్తి పారవేయలేదు. పంచభూతముల నుండి తెచ్చుకొన్నదానిని పంచభూతములకే అప్పగింపవలెనను ఏ భావముతో మనము మనుష్యునకు అంత్యక్రియలు చేయుచున్నామో, ఆ పనిని ఆ ఇల్లు మంత్రములు లేకయే తనకు తాను నెరవేర్చుకొనెను.

ఇప్పుడు ఆ ప్రాంతమున కాంక్రీటు ఇండ్లు లేచుచున్నవి. చండ్రుగొండ మండలములోనిదే యగు బెండాలపాడు గ్రామమున 2025 సెప్టెంబరు 3న రాష్ట్ర ముఖ్యమంత్రి ఇందిరమ్మ ఇండ్ల గృహప్రవేశములు జరిపించిరి. ఇంటికి 5 లక్షల రూపాయల సాయముతో, 400 చదరపు అడుగులకు తగ్గకుండ కట్టుకొనవలసిన ఇండ్లవి. మట్టియింటిని మెచ్చుకొను నావంటివారు, ఆషాఢపు రాత్రి కప్పునుండి కారు నీటికి గిన్నెలు పెట్టుచు, పిల్లలను ఈ మూల నుండి ఆ మూలకు జరుపుచు తెల్లవార్చిన ఇల్లాలిని ముందుగా అడిగి, పిదప మాట్లాడవలెను. కారని కప్పు క్రింద నిద్రించుటకు ఆమెకు గల అధికారమును ఏ తత్త్వశాస్త్రమును కాదనజాలదు. కనుక నా విచారము కాంక్రీటు కూడదని చెప్పుటకు కాదు. ఆ కాంక్రీటులో ఈ మధ్య క్రొత్తగా చేరవచ్చిన ఒక వస్తువును గూర్చి నా మనస్సులో ధర్మసందేహ మొకటి పుట్టినది. దానిని పాఠకుల యెదుట నుంచుటయే నా ప్రయత్నము.

నా మిత్రుని కుమారుడు ఇంజనీరింగు చదువుచున్నాడు. వేసవి సెలవులలో అతడు త్రాగి పారవేసిన నీటిసీసాలను బస్తాల కొలది ఏరించి, కడిగి, ఎండబెట్టి, బియ్యపు నూకంత ముక్కలుగా చేయించి, ఇసుకలో పదవ వంతు తీసివేసి దానికి బదులుగా ఆ ముక్కలను కలిపి కాంక్రీటు దిమ్మెలు పోయించెను. ఇరువదియెనిమిది దినములు నీటిలో నానవేసిన తరువాత వానిని యంత్రములో పెట్టి నలిపించి, పగిలిన చెక్కలు రెండు నా యొద్దకు తెచ్చెను. వానిని నేను చాలసేపు చేతులలో త్రిప్పి చూచితిని. కంకరరాళ్లకు సిమెంటు అంటుకొనియే యున్నది. రాయేదో సిమెంటేదో కొన్ని యెడల గుర్తింపరాదు. ప్లాస్టిక్కు ముక్కల సంగతి వేఱు. అవి పగులలేదు, విరుగలేదు. గోటితో గిల్లిన చెక్కుచెదరక ఊడివచ్చినవి. ఊడినచోట నున్నని గుంట యొకటి ఏర్పడి, అందులో ఆ ముక్క అంచుల ఆకృతి అచ్చు దిగినట్లున్నది. నెల దినములు ఒకే దిమ్మెలో కాపురముండియు అది సిమెంటునకు ఏమియు ఇయ్యలేదు, సిమెంటు నుండి ఏమియు పుచ్చుకొనలేదు.

ఆ దిమ్మెలను పోసిన మేస్త్రీ అప్పుడు అచ్చటనే యుండెను. చండ్రుగొండలో ముప్పది యేండ్లుగా తాపీ పట్టినవాడు. అతడు ఆ ముక్క నొకదానిని అరచేతిలో వేసికొని, "బలం సంగతి మీరు చూసుకుంటరు సారూ. నాదొక్కటే మాట. ఎన్నటికన్నా ఈ గోడ పగలగొడితే, ఈ ముక్కలెటు పోతయ్?" అని యడిగెను. పిల్లవాడు సమాధానము చెప్పలేదు. నేనును చెప్పలేదు.

బలము సంగతి పెద్దలు చూచియే యున్నారు. ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయమువారు గోవా ఇంజనీరింగు కళాశాలతో కలసి చేసిన పరిశోధనను 2018లో ప్రకటించుచు, ఇసుకలో నూటికి పది పాళ్లు ప్లాస్టిక్కుతో పూరించినచో భారతదేశమున ఏటేట 82 కోట్ల టన్నుల ఇసుక మిగులునని లెక్కవేసిరి. ప్లాస్టిక్కునకు నీరు గిట్టదు. సిమెంటునకు నీరే ప్రాణము. కాబట్టి ఆ రెంటి నడుమ పట్టు కుదరక, ముక్కలు పెరిగినకొలది దిమ్మె బలము తఱుగును. ఎక్కువగా కుదిపినచో తేలిక ముక్కలు పైకి తేలును. అగ్ని సోకినచో రాయి నిలుచునప్పుడు అది కరగును. అయినను బరువు తక్కువ, వేడిని అంతగా లోనికి రానీయదు; అడ్డుగోడలకు, కాలిబాటల పలకలకు, కాలువల అంచులకు పనికివచ్చును. మొయ్యవలసిన దూలమునకు, స్తంభమునకు దానిని వాడుమని బాధ్యత తెలిసిన ఇంజనీరు చెప్పడు. ఇంతవఱకు ఇది కొలతల విషయము, దీనిలో నాకు ప్రవేశము తక్కువ. మేస్త్రీ ప్రశ్న మాత్రము కొలతలది కాదు.

తెలుగువాడగు అన్నంభట్టు తర్కసంగ్రహమున అభావమును నాలుగు విధములుగా విభజించెను. వానిలో ప్రధ్వంసాభావ మనునది యొకటి: కుండ పగిలిన పిదప కుండ లేకపోవుట. దానికి ఆది కలదు, అంతము లేదు. పోయిన కుండ మరల రాదు. మనము చెత్తను పారవేయునప్పుడు మన మనస్సులో నుండు నమ్మకము ఇదియే. వీధి మలుపు దాటగానే అది లేదని, దానికి ధ్వంసము కలిగినదని. మోదుగాకు విస్తరి విషయమున ఆ నమ్మకము నిజమే. భోజనానంతరము దానిని పెరటి గోతిలో వైచితిమేని, కొన్నాళ్లకు గోయి యుండును గాని విస్తరి యుండదు. వేల ఏండ్లపాటు ఆకుతో, మట్టితో, నారతో, తోలుతో కాపురము చేసిన జాతికి "పారవేయుట" యనగా "లేకుండ చేయుట" అనియే అర్థము నాటుకొనిపోయినది. 1907లో బేక్‌లాండు అనువాడు బేకలైటును కనుగొని, 1933లో ఇంగ్లండున పాలిథీను పుట్టిన తరువాత వస్తువు మాఱినది. మన క్రియాపదము మాఱలేదు. ప్లాస్టిక్కును పారవేసినప్పుడు జరుగునది ధ్వంసము కాదు, స్థానభ్రంశము మాత్రమే. అది ఇచ్చట లేదు, గనుక అచ్చట కలదు. దానిని గోడలో పెట్టినను ఇంతే. కంటికి కానరాకుండుటయు లేకుండుటయు ఒకటి కావు.

ఇక్కడ నాకొక ప్రత్యుదాహరణము తోచుచున్నది. అదియును ఈ గడ్డదే. పాల్వంచలో తాప విద్యుత్కేంద్రము బొగ్గు కాల్చుచు గుట్టలుగా బూడిద విడుచుచున్నది. ఆ బూడిదయు వ్యర్థమే, ఊపిరితిత్తులకు చెఱుపే. కాని దానిని సిమెంటులో కలిపినప్పుడు అది సిమెంటు నుండి వెలువడు సున్నముతో రసాయనముగా కూడి, మెల్లమెల్లగా క్రొత్త బంధమై, తన పేరును రూపమును విడిచిపెట్టును. కొన్ని నెలల తరువాత ఆ గోడను పగులగొట్టి బూడిదను ఏఱి చూపుమన్న ఎవ్వరికిని సాధ్యము కాదు. నైయాయికులు సంయోగమనియు సమవాయమనియు రెండు సంబంధములను చెప్పుదురు: చెట్టుపై పక్షి వ్రాలినట్టిది మొదటిది, దారములలో బట్ట యున్నట్టిది రెండవది. బూడిద బట్టలో దారమైనది. ప్లాస్టిక్కు ముక్క చెట్టుపై పక్షియే. కొమ్మ విఱుగువఱకు కూర్చుండి, విఱిగిననాడు ఎగిరిపోవును. ఒక వ్యర్థమునకు మోక్షము, వేఱొక వ్యర్థమునకు చెఱసాల. రెండింటిని "పునర్వినియోగము" అను ఒకే మాటతో చెప్పుట భాషకు సులభమే గాని సత్యమునకు కాదు. తారురోడ్ల సంగతి కొంత మేలు. మధురైలోని త్యాగరాజర్ ఇంజనీరింగు కళాశాల ఆచార్యులు వాసుదేవన్ గారు ప్లాస్టిక్కును కాగిన కంకరపై కరగించి తారుతో కలుపు పద్ధతిని చూపి, 2018లో పద్మశ్రీ పురస్కారము నొందిరి. తారును ప్లాస్టిక్కును ఒకే నూనెవంశమునకు చెందినవి కాబట్టి అచ్చట చుట్టరికము కుదిరినది. 2017లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యార్థులు ప్లాస్టిక్కును గామా కిరణములకు గుఱిచేసి, మెత్తని పొడిగావించి సిమెంటులో కలిపినప్పుడు బలము తఱుగుటకు మాఱుగా హెచ్చినదని ప్రకటించిరి. అనగా ఆ వస్తువు స్వభావమునే ఒక తపస్సు వంటి దానిచే మార్చినగాని దానికి క్రొత్త యింట చోటు దొరకలేదు.

అయినచో ఈ పని విడిచిపెట్టవలసినదేనా? అట్లు చెప్పుటకును నాకు నోరు రాదు. ఇసుక యనునది దిక్కులేని ధూళి కాదు. అది నదియొక్క దేహము. గోదావరిలోను, కిన్నెరసానిలోను, ముఱ్ఱేటివాగులోను ఇసుక పొరయే వాననీటిని పట్టి, వేసవి పొడవునను చెలమలలోనికి, బావులలోనికి విడుచుచుండును. చిన్ననాట మేము వాగులో చేతులతో ఇసుక తోడి, ఊరిన నీటిని దోసిళ్లతో త్రాగినవారము. ఇసుకను లారీలకెత్తిన వాగులో చెలమ తోడిన బంకమన్ను తగులును. కాబట్టి నూటికి పదిపాళ్ల ఇసుక మిగిలినను అది చిన్న పుణ్యము కాదు. ఒక దోషమును కప్పుటచేత వేఱొక ప్రాణము దక్కుచున్నప్పుడు, ఆ కప్పుటకు ఏమని పేరు పెట్టవలెను? ధర్మసంకటమనగా మంచికి చెడ్డకు నడుమ నుండునది కాదు. రెండు ఋణముల నడుమ నుండునది.

కొందఱు దీనిని శాస్త్రముతో సమర్థింపవచ్చును. అథర్వవేదము పదునొకండవ కాండమున ఉచ్ఛిష్టమును, అనగా యజ్ఞమున మిగిలినదానిని, సర్వజగత్తునకు ఆధారముగా స్తుతించు సూక్తము కలదు. భూమిని మోయు సర్పరాజు పేరు శేషుడు, మిగిలినవాడని అర్థము. ప్రళయమున అన్నియు లయించిన పిమ్మట మిగిలినదేదో అదియే మఱుసృష్టికి పాన్పగుచున్నది. మిగిలినది మోయునను ఈ ఊహ కంటె గంభీరమైనది మన పురాణములలో నాకు మఱియొకటి కనబడదు. అటువంటప్పుడు మనము మిగిల్చిన ప్లాస్టిక్కు మన యింటిని మోసిన తప్పేమి? అందమైన వాదమే, కాని దానికి నేను లొంగజాలకున్నాను. యజ్ఞశేషమునకు ముందు యజ్ఞము కలదు. దేవునికి నివేదించి, పదిమందికి పంచి, ఉన్నదంతయు వెచ్చించిన పిమ్మట మిగిలిన మెతుకు ప్రసాదమగును; నివేదన లేక మనము కొఱికి విడిచినది ఎంగిలి యగును. రెండును మిగిలినవే. నీటిసీసాకు ముందున్న యజ్ఞమేది? ఐదు నిమిషముల దాహము. రెండేండ్లకొక పర్యాయము మాఘపూర్ణిమకు మేడారమునకు పోవు జనము అమ్మవార్లకు బంగారమని బెల్లము సమర్పింతురు. ఆ బెల్లము ప్రసాదమై ఇంటింటికి చేరును, నోటిలో కరగును. బెల్లము తెచ్చిన సంచి మాత్రము జంపన్నవాగు ఒడ్డున మిగులును. శేషుడు తెలిసి మోయుచున్నాడు. ఆ సంచికి మోయుట తెలియదు, మిగులుట మాత్రమే తెలియును.

మఱి దారి యెక్కడ? ఈ ప్రశ్నకు సమాధానమును నేను గ్రంథములలో వెదకి అలసి, ప్రతి శ్రీరామనవమికి చిన్ననాటినుండి వినుచున్న కథలోనే పొందితిని.

నేలకొండపల్లి వాస్తవ్యుడగు కంచెర్ల గోపన్న, తానీషా ప్రభువు కాలమున పాల్వంచ పరగణాకు తహసీలుదారై, వసూలైన ప్రభుధనముతో భద్రగిరిపై స్వామికి ఆలయము కట్టించెను. గోలకొండ చెఱలో పడెను. అంతకు ముందు అదే కొండమీద పోకల దమ్మక్క యను వనిత ఆకుల పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యము పెట్టినదని చెప్పుదురు. ఆమె పందిరికి ఎవరి అప్పును లేదు. అది ఏటేట రాలిపోయి, ఏటేట మరల వేయబడినది. దుమ్ముగూడెము దాపున పర్ణశాలలో సీతారాములు కాపురమున్నారని నమ్ము మనము ఆ పేరునందే గ్రహింపవలసినది కలదు: అది ఆకుల ఇల్లు. రాతి ఆలయమునకు మాత్రము లెక్క పుట్టినది. గోపన్న చేసినదానిలో స్వార్థము అణువంతయు లేదు, కట్టినది సాక్షాత్తు దేవాలయము, ఫలము లోకమంతటికి. అయినను ఆ ధనము వేఱొకరిది. ఇక్కడనే నాకు ఈ కథ మహాతత్త్వముగా కనబడుచున్నది. స్వామి తలచినచో తానీషా మనస్సు మార్చవచ్చును. లెక్కల పుస్తకమును కాల్చివేయవచ్చును. "నా గుడికే కదా వెచ్చించినాడు, మాఫీ చేయుము" అని కలలో శాసింపవచ్చును. అట్లేమియు చేయలేదు. రామోజీ లక్ష్మోజీ యను బంట్ల వేషమున అర్ధరాత్రమున వచ్చి, ఆరు లక్షల మొహరీలు ఒక్కటియు తఱుగకుండ కుప్పపోసి, చేతికి రసీదు పుచ్చుకొని పోయినారని కథ. నాటి నాణెములే రామమాడలని నేటికిని భద్రాచలమున చూపుదురు. కట్టడము ఎంత పవిత్రమైనదైనను దానిలో పెట్టినదాని అప్పు తీఱలేదని, పుణ్యము ఒక పద్దు, ఋణము వేఱొక పద్దు అని, మొదటిదానితో రెండవదానిని కొట్టివేయరాదని, భగవంతుడే చెల్లించి చూపినాడు.

ప్లాస్టిక్కు కలిపిన గోడకును ఇదియే న్యాయము. అది ఇసుకను కాపాడినచో, పేదకు నీడ యైనచో, ఆ పుణ్యము పుణ్యముగా జమకట్టుడు. సీసా అప్పు మాత్రము అట్లే యున్నది. ఎవరికి? మేస్త్రీ ప్రశ్నలోనే దానికి జవాబు కలదు: గోడను పగులగొట్టువానికి. సంచితకర్మ అనుభవింపబడక కుప్పగా నిలిచి, జన్మాంతరమున ఫలమియ్య నారంభించునట్లు, నలువది అరువదియేండ్ల తరువాత ఆ గోడ శిథిలమై సమ్మెటదెబ్బకు పొడియైన దినమున, ఈనాటి నూకంత ముక్కలు నలిగి మఱింత సన్ననివై గాలిలోనికి, వాగులోనికి, చేపలోనికి, పిల్లవాని కంచములోనికి బయలుదేరును. కర్మసిద్ధాంతమునకును దీనికిని ఒక భయంకరమైన భేదము కలదు. అక్కడ చేసినవాడే అనుభవించును. ఇక్కడ చేసినవాడొకడు, అనుభవించువాడు ఇంకను పుట్టనివాడు.

మన ధర్మశాస్త్రకారులు వ్యవహారపదములు పదునెనిమిదింటిలో నిక్షేపమును ఒకటిగా నుంచిరి. ఒకరు ముద్రవేసి అప్పగించిన మూటను విప్పక, వాడుకొనక, అడిగిననాడు ఉన్నదున్నట్లు తిరిగి యియ్యవలెను. మూటలో ఏమున్నదో ఇరువురికిని తెలిసియుండుట మేలు. ఈ గోడను నేను నిక్షేపముగా ఒప్పుకొనగలను, సమాధిగా ఒప్పుకొనజాలను. సమాధి యని తలచినవాడు మఱచిపోవును, మఱచినవాడు మఱునాడు ఇంకొక సీసా కొనును. 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్కు వస్తువులు కొన్నింటిని దేశమంతట నిషేధించిరి. అటువంటి నియమములు అమలు జరుగవలెనన్నచో, చెత్తకు చోటు దొరకినదన్న నిశ్చింత మనలో ప్రవేశింపరాదు. గోడ ఆకలిగొని సీసాలను కోరు స్థితి రాకూడదు. నిక్షేపమని తలచినవాడు మాత్రము, ఏమి పెట్టితినో, ఎంత పెట్టితినో, ఎప్పుడు పెట్టితినో వ్రాసి యుంచును, కొల్లలుగా పెట్టడు, మోయు దూలములో పెట్టక, సులభముగా విడదీయదగిన పలకలలో పెట్టును.

ఈ మాటలన్నియు నేను ఆ పిల్లవానితో ఒక సాయంకాలము చెప్పితిని. అతడు వాదింపలేదు. మిగిలిన ముక్కలతో ఇంటి పెరటిలో బోరింగు చుట్టు నాలుగు పలకలు పోయింపదలచితినని, గోడలకు వాడనని చెప్పెను. పోసిన దినమున నేనును పోయి చూచితిని. మేస్త్రీ గమేళాలో మాలు తెచ్చి చట్రములలో నింపి, బద్దతో చదును చేసి, తాపీతో నునుపు పెట్టుచుండగా, ఒక మూల రెండు మూడు నీలి ముక్కలు పైకి తేలినవి; వానిని వ్రేలితో లోనికి నొక్కెను. మరల తేలినవి. అప్పుడు పిల్లవాడు మేకు నొకదానిని తీసికొని, పచ్చి పలకపై సంవత్సరమును, క్రింద "ఇసుకలో పదవ వంతు ప్లాస్టిక్కు" అనియు వ్రాయ మొదలిడెను. అక్షరములు పెద్దవగుటచేత చివరి మాట పట్టక, దానిని అంచు వెంబడి వంకరగా వ్రాయవలసివచ్చెను. చదువురాని మేస్త్రీ అదేమని యడిగి, చెప్పించుకొని విని, తలయూచి, "ఇంకొంచెం లోతుగా గీకు బాబూ, నీళ్లకు అరిగిపోతది" అనెను. పిల్లవాడు మరల గీకెను. తరువాత మేస్త్రీ పలకలపై తడి గోనెసంచులు పఱచి, వారము దినములు పూటపూట నీళ్లు చల్లుట మఱువవద్దని ఇంటివారికి చెప్పి, పనిముట్లు కడుగుకొని వెళ్లెను.